1999 అంబాసిడరా, 2014 వ్యాగన్ ఆరా?

ప్రశ్న (రాజోలు):
అందరికీ నమస్కారం. పాత కారు కొందామని రెండు బండ్లు చూసి వచ్చాను. ఒకటి 1999 నాటి అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్, కార్బురేటర్ ఉన్న పెట్రోలు బండి, 1,40,000 అడుగుతున్నారు. రెండోది 2014 వ్యాగన్ ఆర్, 2,30,000 చెప్పారు. వారానికి రెండుసార్లు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం వెళ్లాలి, నెలకొకసారి నాన్నగారిని రాజమహేంద్రవరం ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆయన దృష్టిలో అంబాసిడర్ తప్ప మరొకటి కారే కాదు. ఏది తీసుకోమంటారు?

జవాబు (పాలకొల్లు):
అంబాసిడర్ పదకొండేళ్లు నడిపినవాడిగా చెబుతున్నానండి. ఆ 1817 సీసీ ఇసుజు ఇంజనుకు బలం లోటు లేదు, వెనక కమాను పట్టీలు కాలువగట్టు గుంతలను పెద్దవారి నడుం దాకా రానివ్వవు. అయితే పవర్ స్టీరింగ్ లేని బండిని పంటు మీద రివర్సులో సర్దేటప్పటికి భుజాలు పడిపోతాయి. నా బండి లీటరుకు పది కిలోమీటర్లు దాటిన రోజు లేదు. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు పైపులు తట్టుకోవు కనుక, కొన్న వెంటనే వాటిని మార్పించాలి.

ఆర్‌సీ మాత్రం జాగ్రత్తగా చూడండి. మొదటి పదిహేనేళ్ల తరువాత అయిదేళ్లకొకసారి పునరుద్ధరించాలి కనుక, ఆ బండికి 2014, 2019, 2024లలో జరిగి ఉండాలి. చిత్రమేమిటంటే రెండు కార్ల గడువూ 2029లోనే తీరుతుంది. కాకపోతే ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టులో రుసుమును 10,000 చేశారు.

జవాబు (అమలాపురం, మెకానిక్):
మన ప్రాంతంలో కారు వయసు కంటే అది తాగిన నీళ్లు ముఖ్యం. 2022 జూలై వరదలో ఆ వ్యాగన్ ఆర్ ఏ ఊళ్లో ఉందో అడగండి. 998 సీసీ ఇంజనుకు టైమింగ్ చైను ఉంటుంది, బెల్టు మార్చే బెడద లేదు. కాని నీళ్లలో నానిన వైరింగు ఏడాది తరువాత కూడా మొరాయిస్తుంది. సీటు బెల్టును చివరికంటా లాగి చూడండి, కడగడం మరిచిపోయే చోటు అదే. అంబాసిడర్‌కైతే రబ్బరు మ్యాట్ లేపి, నేలరేకును స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. ఉప్పుగాలికి పైన రంగు మెరుస్తుండగానే కింద రేకు అప్పడమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఈ ఉదయం రెండూ చేసి చూశాను. వ్యాగన్ ఆర్ బెల్టు చివరి జానెడు మేర ఎర్రమట్టి చార ఉంది. అమ్మేవారు మాట మార్చారు, దాన్ని వదిలేశాను. అంబాసిడర్‌లో డ్రైవరు కాళ్ల దగ్గర స్క్రూడ్రైవరు రెండు అంగుళాలు దిగింది. వెల్డింగు ఖర్చు తగ్గించి ఇస్తామన్నారు గాని, ముందు బండిని అమలాపురం తెచ్చి జాకీ మీద ఎత్తించి చూపిస్తాను. నాన్నగారికి ఇంకా ఏమీ చెప్పలేదు.