బోరు ఫెయిలా, పంపు ఫెయిలా? ఎలా తేల్చుకోవాలి?

మెట్టరైతు:
బోరు 400 అడుగులు, ఆరున్నర అంగుళాలది. 5 హెచ్‌పీ మోటారు 250 దగ్గరుంది. ఆన్ చేస్తే పది నిమిషాలు బాగానే పోస్తుంది, తర్వాత బుస్సుమని గాలి. గంట ఆగి వేస్తే మళ్లీ అంతే. మెకానిక్ పంపు పోయిందంటున్నాడు. బోర్లు వేసే బండి వాళ్లేమో బోరే ఫెయిలైంది, పక్కన కొత్తది వేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఊటబావి:
ఇద్దరి మాటా ఇప్పుడే వద్దు. గంటాగితే మళ్లీ పోస్తోందంటే పంపు బాగున్నట్టే, బోరూ చావలేదు. ఊట తగ్గి, పంపు లాగే వేగానికి అందడం లేదు. నీళ్లు ఆగగానే మోటారు ఆపి, సన్న తాడుకు చిన్న బరువు కట్టి వదిలి మట్టం చూడండి. బరువు లావుదైతే పైపుకీ కేబులుకీ మధ్య ఇరుక్కుంటుంది, జాగ్రత్త. అరగంటకు మళ్లీ కొలవండి. ఈ సైజు బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్లు పడతాయి. అరగంటలో 60 అడుగులు లేస్తే గంటకు 780 లీటర్లు ఊరుతున్నట్టు. పంపును 350కి దింపితే అదనంగా దొరికేది ఆ 100 అడుగుల్లోని 650 లీటర్ల నిల్వే. కింద గ్యాప్ (నీళ్లు ఊరే బండ పగులు) లేకపోతే ఊట పెరగదు.

వైండింగ్‌షాపు:
క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) పెట్టండి. నీళ్లు ఆగినప్పుడు ఆంపియర్లు పడిపోతే పంపు దగ్గర నీళ్లు లేనట్టు. మోటారు పలక మీద రాసినదానికంటే ఎక్కువ లాగుతూ తక్కువ పోస్తే ఇసుక పట్టి బిగుసుకుందేమో, లేదా వోల్టేజీ తక్కువ. మొదటి నుంచీ సన్నగానే పోస్తే ఫేజులు తారుమారై ఉల్టా తిరుగుతుండొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పని జరిగాక ఇది మామూలే, మెయిన్ ఆపి స్టార్టర్లో ఏ రెండు వైర్లు మార్చినా సరి. మీది మొదటి రకంలాగే ఉంది. డ్రై రన్ ప్రివెంటర్ (నీళ్లు అందకపోతే మోటారును తానే ఆపేది) లేకుంటే వెంటనే పెట్టించండి. నీళ్లు లేకుండా తిరిగితే ముందు బుష్‌లు (ఇరుసును పట్టి ఉంచేవి) అరుగుతాయి, ఆనక వైండింగ్ కాలుతుంది.

నల్లబండ:
ఎర్రమట్టి నీళ్లు వస్తున్నాయా? వస్తే కేసింగ్ (పైమట్టి జారకుండా బోరులో దింపే పైపు) గట్టి బండ మీద కూర్చోలేదు, లేదా పగిలింది. అది వేరే జబ్బు, పంపు ఎన్నిసార్లు మార్చినా తగ్గదు.

మెట్టరైతు:
లేదండీ, తెల్లగానే వస్తున్నాయి.

నల్లబండ:
అయితే పక్కన బోరు మాట మర్చిపోండి. రెండూ ఒకే గ్యాపులోంచి తాగొచ్చు, అప్పుడు ఉన్నది కూడా ఎండుతుంది. గంటకు తక్కువ లాగే, స్టేజీలు (నీళ్లను పైకి నెట్టే చక్రాల వరసలు) ఎక్కువున్న చిన్న పంపుకు మారి, తొట్టిలోకి పోసుకుని అక్కణ్నుంచి డ్రిప్పుకు ఇవ్వండి. అంతవరకు సైక్లిక్ టైమరు పెట్టి ఎనిమిది నిమిషాలు నడిపి గంట ఆపండి.