ఎయిర్ పిస్టల్ పెల్లెట్లు (చిన్న సీసపు గుండ్లు) తూకం వేసి ఏరాలా?

ప్రశ్న (తిరుపతి): పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌ గురిపలకలో నట్టనడిమి పదో రింగు అడ్డంగా 11.5 మిల్లీమీటర్లే. నా దెబ్బలు ఒక్కోసారి ఏడులో పడుతున్నాయి. పెల్లెట్ల డబ్బా చంద్రగిరి నుంచి బండి డిక్కీలో గలగలమంటూ వస్తుంది. నగలు తూచే కాటా కొనాలా?

జవాబు: కాటా తర్వాత సామీ! సీసం మెత్తన. వెనక అంచు సొట్టపోతే గాలి ఒకపక్క ఎక్కువ తోస్తుంది. ముందు అది చూడు.

ఇంకో జవాబు: పిస్టల్‌ను బల్లకు బిగించి, 4.49, 4.50 మిల్లీమీటర్ల తల సైజు పెల్లెట్లు ఐదేసి కాల్చు. అన్నీ ఒకచోటే పడితే తప్పు నీ వేలిది.

అడిగినవాడు: పళ్లెంలో పోసి చూశా, ఇరవై మూడింటికి సొట్టలు! డబ్బాలో స్పాంజి పెట్టా. బిగించి కాలిస్తే మంచివన్నీ పదిలోనే. చేత్తో మాత్రం ఇంకా ఏడే. కాఫీ తాగి పోవద్దని మా ఆవిడ చెబుతూనే ఉంది.