నీళ్లలో నానిన క్యాసెట్‌లో అమ్మ గొంతు ఉంది, ఏమైనా చేయొచ్చా?

బెజవాడ పిల్ల:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. చూస్తుండగానే మంచం మునిగింది. పిల్లల సర్టిఫికెట్లు, అత్తయ్య మందులు, గ్యాస్ బండ పై వాటాకి చేర్చాం. మంచం కింద ట్రంకు పెట్టె ఉందన్న సంగతే నాకు గుర్తు రాలేదు. అది ఎనిమిది రోజులు నీళ్లలోనే ఉంది.

అందులో ఒక క్యాసెట్ ఉంది. 1996లో నాన్న టూ ఇన్ వన్‌లో, అంటే రేడియో, టేపు రికార్డరు కలిసి ఉండే దాంట్లో, రికార్డు చేశారు. అమ్మ పాడిన మంగళహారతులు, గొబ్బి పాటలు. అవి అమ్మమ్మ నోటి నుంచి అమ్మకి వచ్చినవి, నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. అమ్మ 2003లో పోయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ప్రతి సంక్రాంతికీ దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకుంటూనే ఇన్నేళ్లు గడిపేశాను.

చిన్నప్పుడు కూడా నాకు ఇలాంటిదే ఒకటి జరిగింది. 1992 కృష్ణా పుష్కరాల్లో స్నానం చేస్తుంటే కాలి పట్టీ ఒకటి జారిపోయింది. కొత్తది, దానికోసం నేను ఏడాది ఏడ్చి సాధించుకున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్న, మామయ్య, ఇద్దరు పిన్నులు నడుం లోతు నీళ్లలో చేతులు పెట్టి దేవారు. ఎవరో తెలియని అబ్బాయి కూడా మునిగి మునిగి వెతికాడు. దొరకలేదు. తిడుతుందనుకున్న అమ్మ, "కృష్ణమ్మ పెట్టుకుందిలేవే, ఏడవకు" అంది. రెండో పట్టీని మార్చేయకుండా హార్లిక్స్ సీసాలో దాచింది. ఆ సీసా కూడా ఈ ట్రంకులోనే ఉంది. బురద కడిగితే పట్టీ నల్లబడి కనిపించింది. వెండి కాబట్టి దానికేం కాలేదు.

ఇప్పుడు వెతకడానికి ఏమీ లేదు, పోయింది నా చేతిలోనే ఉంది. మా వారు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బండి నష్టం లెక్కల టెన్షన్‌లో ఉన్నారు, ఆయన్ని తప్పు పట్టను. నష్టం రాసుకునే కాగితంలో క్యాసెట్‌కి గడి ఉండదు కదా. ఆయన నిద్రపోయాక దాన్ని చేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాను.

లోపల బురద కనబడుతోంది. నిన్న ఎండలో పెట్టాను. ఆరాక ప్లేయర్‌లో వేసి చూడనా?

తెనాలి టేపులు:

అమ్మా, వేయొద్దు. ముందు ఎండలోంచి తీసెయ్యండి. నేను తెనాలిలో 1986 నుంచి 2004 దాకా క్యాసెట్ల షాపు నడిపాను. నీళ్లకి పాట చెరిగిపోదు. పాట ఉండేది రిబ్బను మీద పూసిన పొడిలోని అయస్కాంతంలో. దానికి అపాయం బురద, బూజు, వేడి. బురదతో ప్లేయర్‌లో వేస్తే ఆ పూత గీసుకుపోతుంది, రిబ్బను మీది పాటని చదివే హెడ్ కూడా పాడవుతుంది. ఎండకి రిబ్బను వంకర పోతుంది. హెయిర్ డ్రయ్యరూ వద్దు.

క్యాసెట్ మూలల్లో, మధ్యలో ఐదు మరలు ఉన్నాయేమో చూడండి. ఉంటే మీ అదృష్టం, చిన్న స్టార్ స్క్రూడ్రైవరుతో విప్పొచ్చు. అతికించిన రకమైతే మీరు చేయి పెట్టకండి, తెలిసినవాళ్లకి ఇవ్వండి. విప్పాక రిబ్బను ఏ చక్రం మీదుగా ఎటు తిరిగిందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ అమ్ముతారు. రిబ్బను చుట్టను విప్పకుండా, ఉన్నది ఉన్నట్టు ఆ నీళ్లలో మెల్లగా జాడించండి, బురద రంగు పోయేదాకా నీళ్లు మార్చండి. నూలు గుడ్డ మీద నీడలో ఆరనివ్వండి. కనీసం వారం. తొందరపడొద్దు.

మరలున్న పాత క్యాసెట్ ఇంకోటి సంపాదించి, దాని డొల్లలోకి మీ రిబ్బను మార్చండి. హెడ్‌కి ఆనించే చిన్న మెత్త కూడా దానిదే వాడుకోవచ్చు. పెన్సిలుతో చివరి దాకా ఒకసారి తిప్పండి. ఎక్కడైనా అంటుకున్నట్టు చేతికి తెలిస్తే అక్కడ ఆగిపోండి, లాగకండి. ప్లేయర్ హెడ్‌ని స్పిరిట్‌తో తుడిచి, కంప్యూటర్‌కి కలిపి, మొదటిసారి వేసినప్పుడే రికార్డు చేయండి. రెండోసారి పలుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

గుంటూరు ఘాటు:

అక్కా, మనుషులు క్షేమంగా బయటపడ్డారు, అదే పదివేలు. వస్తువుల మీద మరీ ఇంత మమకారం పెట్టుకుంటే మనసు పాడవుతుంది.

కర్నూలు పాతబస్తీ:

తమ్ముడూ, నువ్వు మంచికే చెప్పినావు గానీ నేను ఒప్పుకోలేను. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు మా వీధిలోకి వచ్చినాయి. టీవీ పోయింది, బీరువా పోయింది. అవి ఏవీ నాకిప్పుడు గుర్తు రావు. మా జేజినాయన కిరాణా అంగడి పద్దు పుస్తకం పోయింది, అది మాత్రం ఈనాటికీ గుర్తొస్తాది. నేను పుట్టిన రోజు పేజీలో "మనవడు పుట్టినాడు" అని రాసి, దాని కిందనే ఆ రోజు అమ్మిన కందిబేడల లెక్క రాసినాడు. పదో తరగతి మెమో పోతే డూప్లికేట్ ఇచ్చినారు. ఆ పేజీకి డూప్లికేట్ ఎవరిస్తారు?

అమ్మా, టేపు పలికినా పలకకున్నా, గుర్తున్నంత వరకు ఆ పాటల మాటలు ఈ రోజే రాసుకోండి. నేను ఆ పద్దులో గుర్తున్నవి రాయాలని నాలుగేండ్లకి కూర్చున్నాను. అప్పటికి సగం పోయినాయి.

బెజవాడ పిల్ల (రెండు నెలల తర్వాత):

అందరికీ దండాలు. ఐదు మరలూ ఉన్నాయి. తమ్ముడు ఏలూరు నుంచి వచ్చాడు, ఇద్దరం కలిసి బాబాయిగారు చెప్పినట్టే చేశాం. తొమ్మిది రోజులు ఆరబెట్టాం. పందొమ్మిది నిమిషాలు పలికింది. ఆ తర్వాత రిబ్బను అంటుకుపోయింది, ఆపేశాం. గొంతు కాస్త మూగగా ఉంది, కానీ అమ్మే.

కర్నూలు అన్నయ్యగారు చెప్పిన రోజే రాయడం మొదలుపెట్టాను. ఏడు పాటల్లో నాకు నాలుగే పూర్తిగా వచ్చాయి. మిగతావాటికి గుడివాడ పిన్నికి ఫోన్ చేశాను. ఆవిడ ఒక చరణం ఒకలా చెబితే, చిన్న పిన్ని "కాదు, అక్క అలా పాడేది కాదు" అని ఇంకోలా చెప్పింది. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. రెండూ రాసి పెట్టాను. మా వారు నిన్న ఆఫీసు నుంచి కొత్త నోటుపుస్తకం తెచ్చి, దీంట్లో శుభ్రంగా ఎక్కించు అన్నారు.

ఒక హారతి మధ్యలో అమ్మ పాట ఆపి, "కాలు కదపకే, పట్టీల చప్పుడు పడుతోంది" అంటుంది. ఆ పుష్కరాల తర్వాత నాకు మళ్లీ పట్టీలు కొన్నారన్న సంగతే నేను మర్చిపోయాను. వెనకాల గలగలమని వినిపిస్తూనే ఉంది.

తెనాలి టేపులు:

చాలా సంతోషం తల్లీ. ఆ ఫైలు ఒక్క ఫోన్‌లోనే ఉంచకండి. పిన్నులిద్దరికీ, తమ్ముడికీ పంపండి. మిగిలిన రిబ్బను పారేయొద్దు, బలవంతంగా లాగొద్దు. పొడి డబ్బాలో, ఎండ తగలనిచోట, అటక మీద పెట్టండి. ఈసారి మంచం కింద వద్దు.