9 మి.మీ. గడ్డ: ఇప్పుడే గామా నైఫ్ చేయించాలా, స్కాన్లు తీయిస్తూ ఆగాలా?

సుధ:
అందరికీ నమస్కారం. మా ఆయనకి 52 ఏళ్లు. ఏడాదిగా ఎడమ చెవిలో ఆగని హోరు. గులిమి పేరుకుందేమో అనుకుని పట్టించుకోలేదు. తర్వాత ఒకరోజు గమనించాను, ఆయన ఫోన్ ఎత్తగానే కుడి చెవికి మార్చుకుంటున్నారు. ఎందుకని అడిగితే, ఎడమ చెవిలో అవతలివాళ్ల గొంతు వినిపిస్తోంది గానీ మాట తెలియట్లేదన్నారు. ఎంఆర్‌ఐ తీస్తే చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద 9 మి.మీ. గడ్డ ఉందని తేలింది. పేరు వెస్టిబ్యులర్ ష్వానోమా. క్యాన్సర్ కాదు.

ఒక డాక్టరు గారు "చిన్నగా ఉండగానే గామా నైఫ్ చేయించేయండి" అన్నారు. అంటే కోత లేకుండా రేడియేషన్‌ని గడ్డ మీదకి గురిపెట్టే చికిత్సట. ఇంకొకరు "ఆరు నెలలకి మళ్లీ స్కాన్ తీద్దాం, పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. పిల్లలేమో ఇప్పుడే చేయించాలంటున్నారు. మా అత్తగారు రేడియేషన్ మాటెత్తితేనే ఏడుస్తున్నారు. మీలో ఎవరైనా ఈ దారిలో వెళ్లి ఉంటే ఏం చేశారో, ఎందుకు చేశారో చెప్పండి.

రమణ:
సుధ గారూ, నాది కుడి వైపు. ఏడేళ్ల క్రితం బయటపడ్డప్పుడు 11 మి.మీ. ఇప్పటికి ఎనిమిది స్కాన్లు అయ్యాయి. 11, 11, 12, 11, మళ్లీ 12. మొదటిసారి 12 అని చూసినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత మా డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పారు, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా కొలతలోనే వచ్చేస్తుంది, స్కాన్‌లో తీసే స్లైస్ (పొరలాంటి బొమ్మ) కాస్త అటూ ఇటూ అయినా చాలు అని. ఇప్పటికీ ఉద్యోగం చేస్తున్నాను, బండి నడుపుతున్నాను. చీకట్లో నడిస్తే కాస్త తూలుతాను, అంతే.

పెరగని గడ్డకి రేడియేషన్ దేనికండీ? ఇచ్చాక వెనక్కి తీసుకోలేం కదా. నా ఓటు ఆగడానికే.

కల్యాణి:
రమణ అన్నయ్యా, మీకు పెరగలేదు కాబట్టి అలా అంటున్నారు. నేనూ మూడేళ్లు ఆగాను. ఆ మూడేళ్లలో గడ్డ 8 నుంచి 14కి వెళ్లింది, ఎడమ చెవి పూర్తిగా పోయింది. తర్వాత గామా నైఫ్ చేయించుకున్నాను. ముందే చేయించుకుని ఉంటే చెవి దక్కేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

సుధ గారూ, ఆ రోజు ఎలా ఉంటుందో చెప్తాను, భయం కొంచెం తగ్గుతుంది. పొద్దున్నే నుదుటి మీద రెండు, తల వెనక రెండు మత్తు ఇంజెక్షన్లు ఇచ్చారు. చురుక్కుమన్నది అక్కడే. తర్వాత లోహపు ఫ్రేమ్ పెట్టి నాలుగు స్క్రూలు బిగించారు. నొప్పి కాదు, తలని ఎవరో రెండు చేతులతో గట్టిగా అదిమిపట్టినట్టు ఉంటుంది. పది నిమిషాలకి అదీ అలవాటైంది. ఫ్రేమ్‌తోనే ఎంఆర్‌ఐ తీశారు. వాళ్లు ప్లాన్ వేసేదాకా రెండు గంటలు కూర్చోబెట్టారు, ఇడ్లీ కూడా తినిపించారు. మెషీన్‌లో పడుకున్నది నలభై నిమిషాలు. ఏమీ తెలియదు. వెలుగు లేదు, వేడి లేదు. ఫ్రేమ్ విప్పాక స్క్రూ పెట్టినచోట రెండు చుక్కల రక్తం, రెండు రోజులు నుదురు కాస్త ఉబ్బింది. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను. ఇంత తేలికైన దానికి ఏళ్ల తరబడి టెన్షన్ పడడం ఎందుకు? చేయించేయండి.

ప్రసాద్:
నేను రేడియేషన్ ఫిజిసిస్టుని. ఇలాంటి ప్లాన్లు వేయడమే నా పని. మా మెషీన్ వాడమని చెప్పడానికి రాలేదు, రెండు మూడు విషయాలు సరిచేద్దామని.

గామా నైఫ్‌లో కత్తి ఉండదు. ఇప్పటి మెషీన్లలో 192 సన్నని కోబాల్ట్ కిరణాలు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చి ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి. ఏ ఒక్క కిరణమూ దారిలో ఉన్న మెదడుకి చెప్పుకోదగ్గ హాని చేసేంత బలమైనది కాదు. కలిసినచోట మాత్రం గట్టి మోతాదు పడుతుంది. స్టాక్‌హోమ్‌లో లార్స్ లెక్సెల్ 1969లోనే ఈ రకం గడ్డకి ఇది వాడారు. తొలి రోజుల్లో మోతాదు ఎక్కువగా ఉండేది, ముఖం నరం దెబ్బతిని మూతి వంకర పోయినవాళ్లు చాలామందే ఉండేవారు. 1990లలో గడ్డ అంచు దగ్గర 12, 13 గ్రేలకి (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) తగ్గించాక ఆ ఇబ్బంది బాగా అరుదైపోయింది. గడ్డ అదుపులో ఉండేది మాత్రం తగ్గలేదు, నూటికి తొంభై మందికి పైగా ఆగిపోతోంది. ఆగిపోతోంది అంటున్నాను, మాయమవుతుంది అనట్లేదు. చికిత్స తర్వాత స్కాన్‌లో గడ్డ అక్కడే కనిపిస్తే విఫలమైందని హడలిపోయేవాళ్లని చాలామందిని చూశాను. పైగా మొదటి ఏడాది, ఏడాదిన్నరలో అది కాస్త ఉబ్బి తర్వాత తగ్గడం మామూలే.

ఇక అసలు ప్రశ్న. దీని మీద నార్వేలోని బెర్గెన్‌లో మంచి అధ్యయనం ఒకటి చేశారు, వి-రెక్స్ అంటారు. 2023లో ఫలితాలు వచ్చాయి. 2 సెం.మీ. లోపు గడ్డ కొత్తగా బయటపడ్డ 100 మందిని చీటీ వేసినట్టు సగం సగం చేశారు. సగం మందికి వెంటనే రేడియోసర్జరీ (గామా నైఫ్ చికిత్సే), సగం మందికి స్కాన్లతో నిఘా. నాలుగేళ్ల తర్వాత చూస్తే, చికిత్స చేసినవాళ్లలో గడ్డ ఘనపరిమాణం మొదటిదానికి 0.87 రెట్లయింది, అంటే కాస్త తగ్గింది. ఆగినవాళ్లలో 1.51 రెట్లకి పెరిగింది. గడ్డ వరకు చూస్తే గెలుపు ఎవరిదో స్పష్టంగా ఉంది.

కానీ కల్యాణి గారూ, మీరు నొచ్చుకోకండి. వినికిడిలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందే చేయించిన చెవులూ మందగించాయి, ఆగిన చెవులూ మందగించాయి. మీరు ఆగడం వల్లే చెవి పోయిందని రాసుకోకండి. ముందే చేయించినా పోయి ఉండేదేమో.

కల్యాణి:
ప్రసాద్ గారూ, ఆ మాట రెండుసార్లు చదివాను. ఇన్నేళ్లుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను.

సరే, చెవి సంగతి వదిలేస్తాను. ఆగినవాళ్లలో చివరికి ఎంతమంది చేయించుకోవాల్సి వచ్చింది?

ప్రసాద్:
50 మందిలో 21 మందికి గడ్డ పెరిగి రేడియోసర్జరీ చేశారు. ఒకరికి ఆపరేషన్. మిగతా 28 మందికి నాలుగేళ్లలో ఏమీ చేయలేదు.

కల్యాణి:
అంటే దాదాపు సగం మంది చివరికి అక్కడికే వచ్చారు. ఎలాగూ రావాల్సినప్పుడు ముందే రావచ్చుగా?

రమణ:
కల్యాణమ్మా, అదే లెక్క నేనిలా చదువుతాను. సగానికి పైగా మందికి ఏమీ అవసరం పడలేదు. అందరికీ మొదటిరోజే చేసి ఉంటే, ఆ 28 మందిలో చాలామంది అక్కర్లేని రేడియేషన్ తీసుకున్నట్టే కదా.

హరి:
ఇక్కడ ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. ఆగడం అంటే స్కాన్ తీయించడం. మా నాన్నకి 13 మి.మీ. ఉన్నప్పుడు ఆగుదామన్నారు. మంచి సలహానే. మొదటి స్కాన్ బాగుంది, రెండోదీ బాగుంది. తర్వాత నాన్న "నాకేం కాలేదురా" అని వాయిదా వేశారు. నేనూ ఊరుకున్నాను, తప్పు నాది కూడా. నాలుగేళ్ల తర్వాత నడక తూలి పడిపోతే తీసుకెళ్లాం. 34 మి.మీ. మెదడునీ వెన్నుపామునీ కలిపే బ్రెయిన్ స్టెమ్‌ని నొక్కుతోంది. ఆ సైజుకి గామా నైఫ్ కుదరదన్నారు. ఉబ్బితే ప్రమాదమట. ఆపరేషన్ చేసి ప్రాణం కాపాడారు గానీ ముఖం నరం దెబ్బతింది. ఇప్పటికీ ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు. రోజూ రాత్రి నేనే మందు వేసి, రెప్ప కిందికి లాగి, టేపు అతికిస్తాను. పొద్దున టేపు తీసేటప్పుడు రెప్పవెంట్రుకలు ఊడతాయని నెమ్మదిగా తడిపి తీయాలి.

సుధ గారూ, మీ ఆయన స్కాన్లు తప్పకుండా తీయించుకునే మనిషేనా? ముందు అది ఆలోచించండి. వాయిదా వేసే మనిషైతే ఇప్పుడే చేయించడం మంచిది.

రమణ:
హరీ, నీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నువ్వన్నది నిజం. నా స్కాన్ తేదీలు మా ఆవిడ గుర్తుపెట్టుకుంటుంది. ఆవిడే లేకపోతే నేనూ వాయిదా వేసేవాణ్ణే.

ప్రసాద్:
హరి గారు చెప్పింది అధ్యయనాల్లో కనబడదు, ఎందుకంటే అధ్యయనంలో ఉన్నవాళ్లని పిలిచి మరీ స్కాన్ తీస్తారు. ఇంటి దగ్గర ఆ పని చేసేది ఇంట్లోవాళ్లే.

నా అభిప్రాయం అడిగితే: 9 మి.మీ. ఉంది, బ్రెయిన్ స్టెమ్‌ని నొక్కేంత సైజు కాదు, పెరుగుతోందో లేదో ఇంకా తెలియదు. ఇలాంటప్పుడు నేను ఆగే పక్షమే. పెరిగిందని తేలాక చేసినా రేడియోసర్జరీ బాగానే పనిచేస్తుంది, ఆ 21 మంది సంగతి అదే. చేశాక ఫలించక ఆపరేషన్ దాకా వెళ్తే మాత్రం, గడ్డ నరాలకి అతుక్కుని సర్జన్‌కి పని కష్టం కావచ్చు. రేడియేషన్ వల్ల ఆ గడ్డే క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు, ఆ భయంతో అత్తగారు కంటతడి పెట్టనక్కర్లేదు. కానీ 30 ఏళ్ల మనిషికీ 75 ఏళ్ల మనిషికీ ఒకే సమాధానం ఉండదు. రెండు వైపులా గడ్డలున్నా, అది వంశపారంపర్యంగా వచ్చినా లెక్కే వేరు.

ఇంకొకటి. మీ ఆయనకి ఇంతకుముందు ఏ కారణానికైనా తల స్కాన్ తీశారా? ఉంటే వెతకండి. ఆరు నెలలు ఆగి తెలుసుకోవాల్సింది కొన్నిసార్లు పాత సీడీలో దొరుకుతుంది.

సుధ:
ప్రసాద్ గారూ, మీ మాట చదవగానే గుర్తొచ్చింది. ఐదేళ్ల క్రితం మెట్ల మీద జారిపడితే తలకి ఎంఆర్‌ఐ తీశారు. రిపోర్టులో అంతా నార్మల్ అనే ఉంది. బీరువా అంతా వెతికితే పెళ్లి ఆల్బమ్ కింద సీడీ దొరికింది. ఈరోజు డాక్టరు గారికి చూపించాం. ఆయన స్క్రీన్ మీద పెద్దది చేసి చాలాసేపు చూశారు. అక్కడ ఏదో ఉన్నట్టే ఉంది, కానీ స్లైసులు మందంగా ఉన్నాయి, గడ్డ స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందు ఇవ్వలేదు, కొలవలేను అన్నారు. అప్పుడే ఉండి ఉంటే చాలా నెమ్మదిగా పెరుగుతున్నట్టు అన్నారు. ఖాయంగా చెప్పలేనని కూడా అన్నారు.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి తట్టింది. ఇన్ని రోజులూ పిల్లల్ని అడిగాం, అత్తగారితో మాట్లాడాం, ఇక్కడ మిమ్మల్ని అడిగాను. ఆయన్ని ఎవరూ అడగలేదు. అడిగాను. ఆగుతానన్నారు. స్కాన్ తేదీ ఆయనే క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాశారు. హరి గారూ, మీ నాన్నగారి కన్ను గురించి ఆయనకి చదివి వినిపించాను. అది విన్నాకే లేచి రాశారు.

మా పెద్దవాడు ఇంకా ఒప్పుకోలేదు. పెరిగేదాకా ఎందుకు చూడాలి అంటున్నాడు. కల్యాణి గారు మొదట రాసింది చూపిస్తున్నాడు.

కల్యాణి:
సుధ గారూ, బాబుకి కింద నేను రాసింది కూడా చూపించండి. నాకు ఇంకా ముందే చేయించుకోవడమే నయమనిపిస్తుంది. అయితే అది చెవి కోసం కాదు, రోజూ దాని గురించి ఆలోచించే పని తప్పుతుందని. మీ ఆయనకి ఆ ఆలోచన బరువు కాకపోతే ఆగొచ్చు. ఆరు నెలల తర్వాత బరువైతే అప్పుడు మనసు మార్చుకోండి, ఎవరూ తప్పు పట్టరు.

సుధ:
ఆయన్ని బాధపెడుతున్నది గడ్డ కాదు తల్లీ, హోరు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు. గామా నైఫ్ చేస్తే అదైనా తగ్గుతుందా?

ప్రసాద్:
తగ్గుతుందని నేను మాట ఇవ్వలేను. కొందరికి తగ్గింది, కొందరికి అలాగే ఉంది, కొందరికి పెరిగింది. హోరు తగ్గాలని మాత్రం రేడియోసర్జరీకి వెళ్లకండి.

రమణ:
సుధ గారూ, నాకు నిశ్శబ్దంలోనే ఎక్కువ వినిపించేది. రాత్రి ఫ్యాన్ వేసుకుంటాను, చలికాలంలో కూడా. రేడియో స్టేషన్ దొరకనప్పుడు వచ్చే గరగర శబ్దం ఉంటుంది చూడండి, అది చాలా తక్కువ సౌండ్‌లో తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటాను. హోరు పోదు గానీ వెనక్కి వెళ్తుంది. మంచి చెవి తలగడకి ఆనించి పడుకోవద్దని చెప్పండి, బయటి చప్పుడు ఆగిపోయి హోరొక్కటే మిగులుతుంది. నాకు ఈ ఒక్కటి తెలియడానికి రెండేళ్లు పట్టింది.