ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులు కలపడం న్యాయమేనా?

గాజువాక నాన్న: పాపకు ఇంటర్లో 88 శాతం రావచ్చు. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్‌లో సీటుకు అది ఎంత లాగేస్తుంది? అసలీ కలపడం అవసరమా?

మద్దిలపాలెం మాస్టారు: ఎంసెట్ పేరే ఇప్పుడు ఏపీ ఈఏపీసెట్. ర్యాంకు లెక్కలో సెట్ 160 మార్కులకు 75 శాతం వెయిటేజీ, ఇంటర్ ఎంపీసీ గ్రూపు మార్కులకు 25 శాతం. ఇంటర్లో 5 శాతం తగ్గితే పోయేది 1.25 పాయింట్లు. సెట్‌లో ఒక ప్రశ్న విలువ సుమారు 0.47. అంటే మూడు ప్రశ్నలు ఎక్కువ చేస్తే సరి. నెగెటివ్ లేదు, ఒక్క బిట్టూ వదలొద్దనండి. నామటుకు ఉండాల్సిందే. లేకపోతే ఇంటర్ పుస్తకం తెరిచేదెవరు?

సీతమ్మధార: మాస్టారూ, ప్రాక్టికల్స్‌లో అందరికీ ముప్పైకి ముప్పై పడుతుంటే ఇక తేడా ఎక్కడ? తెలంగాణ 2023లో తీసేసింది. జేఈఈ మెయిన్‌లోనూ 40 శాతం కలిపేవారు, 2017 నుంచి లేదు. ఎన్‌ఐటీకి మాత్రం జనరల్‌కు 75 శాతమో, బోర్డులో టాప్ 20 పర్సంటైలో ఉండాలి. అర్హతగా ఉంచితే చాలు, ర్యాంకులో ఎందుకండీ?

మద్దిలపాలెం మాస్టారు: ప్రాక్టికల్స్ మాట నిజమేనమ్మా. థియరీ ఒక్కటే కలిపితే నాకూ సమ్మతమే.

ఎన్‌ఏడీ జంక్షన్: సీబీఎస్‌ఈ పిల్లలైతే మార్కులు డిక్లరేషన్ ఫారంలో తామే పంపాలి. పంపకపోతే ర్యాంకు ఆగిపోతుంది.