సముద్రం చూడని పిల్లలకు పగడపు దిబ్బల గురించి చేతులతో చేయించి చెప్పడం ఎలా?

ప్రశ్న: సైన్సు ఉపాధ్యాయిని, ఉప్పల్

అందరికీ నమస్కారం. నేను ఉప్పల్ దగ్గర ఒక పాఠశాలలో 6, 7 తరగతులకు సామాన్యశాస్త్రం చెబుతున్నాను. ఒక్కో తరగతిలో నలభై మందికి పైగా ఉన్నారు. వారిలో సముద్రాన్ని కళ్లారా చూసినవారు అయిదారుగురికి మించరు. పగడపు దిబ్బల పాఠం మొదలుపెట్టే ముందు పగడం అంటే ఏమిటని అడిగితే, ఒక అమ్మాయి తన అమ్మమ్మ ఉంగరంలోని ఎర్ర రాయి అన్నది. ఇంకొక అబ్బాయి పత్తర్‌గట్టీలో ముత్యాల పక్కన పెట్టి అమ్ముతారని చెప్పాడు. అది ఒక ప్రాణి అని ఒక్కరూ అనలేదు.

సముద్రపు నీటిలో ఆమ్లత పెరిగితే పగడాలకు ఏమవుతుందో చూపిద్దామని, ఒక పుస్తకంలో చదివిన ప్రకారం సుద్దముక్కలను వెనిగర్‌లో వేయించాను. బుడగలు వస్తాయని ముందే ఊరించి చెప్పాను. పది నిమిషాలు గడిచినా ఒక్క బుడగ రాలేదు. అప్పుడు ముందు బల్లపై కూర్చునే అబ్బాయి, "టీచర్, అయితే పగడాలకు ఏమీ కాదన్నమాట కదా?" అని సంతోషంగా అడిగాడు. ఆ సంతోషానికి ఏమని జవాబు చెప్పాలో నాకు తోచలేదు.

థర్మోకోల్ మీద రంగులు వేసి ప్రదర్శనకు పెట్టే నమూనాలు మా బడిలో ఇదివరకే చాలా ఉన్నాయి. వాటిని చేసిన పిల్లలను మరుసటి నెలలో అడిగితే రంగుల పేర్లు తప్ప ఏమీ చెప్పలేకపోయారు. అందుకే తక్కువ ఖర్చుతో, మన ఊళ్లో దొరికే వస్తువులతో, పిల్లలు స్వయంగా చేసి తెలుసుకోగలిగిన పనులు ఏవైనా ఉంటే చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యంగా, చేసిన పని వల్ల పిల్లల మనసులో తప్పుడు అభిప్రాయం నాటుకోకూడదు.

జవాబు: విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తార్నాక

అమ్మా, ముందుగా మీ ప్రయోగం ఎందుకు నడవలేదో చెబుతాను. మన బడుల్లో వాడే సుద్దముక్కల్లో చాలావరకు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్. అది వెనిగర్‌లో బుడగలు ఇవ్వదు. పగడం తన చుట్టూ కట్టుకునే గూడు కాల్షియం కార్బొనేట్. అదే పదార్థం కోడిగుడ్డు పెంకులో ఉంది, నత్తగుల్లలో ఉంది, తాండూరు బండలోనూ ఉంది. పెంకు ముక్కను వెనిగర్‌లో వేస్తే వెంటనే బుడగలు కనిపిస్తాయి. ఒకటి రెండు రోజులు ఉంచితే పెంకు కరిగిపోయి లోపలి పొర మాత్రం మిగులుతుంది. తాండూరు బండ ముక్కను గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండినా బుడగలు చూడవచ్చు. ఆ రాయి పరచిన ఇళ్లలో నిమ్మరసం పడిన చోట మచ్చ ఎందుకు పడుతుందో పిల్లలకు అప్పుడే బోధపడుతుంది. తాండూరు సున్నపురాయి కూడా ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్నదే. అయితే అది యాభై కోట్ల ఏళ్లకు పైబడిన రాయి కనుక అందులో పగడాలు ఉన్నాయని మాత్రం చెప్పకండి.

ఇక అసలు చిక్కు వేరే ఉంది. ప్రయోగం విజయవంతమైనా పిల్లలు తప్పే నేర్చుకునే ప్రమాదం ఉంది. సముద్రం వెనిగర్‌లా మారి పగడాలను కరిగిస్తోందని వారు అనుకుంటారు. సముద్రపు నీరు ఇప్పటికీ క్షార స్వభావం గలదే. పీహెచ్ అనే కొలత తగ్గేకొద్దీ ఆమ్లత పెరిగినట్టు; పారిశ్రామిక యుగానికి ముందు సముద్రపు నీటి పీహెచ్ విలువ సుమారు 8.2 ఉండగా ఇప్పుడు 8.1కి తగ్గింది. అంకెల్లో ఇది స్వల్పంగా కనిపించినా, ఆ కొలమానం తీరు వల్ల హైడ్రోజన్ అయాన్ల గాఢత సుమారు 30 శాతం పెరిగినట్టు లెక్క. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగినప్పుడు పుట్టే ఈ హైడ్రోజన్ అయాన్లు నీటిలోని కార్బొనేట్‌ను పట్టేసుకుంటాయి. గోడ కట్టే మేస్త్రీకి ఇటుకల సరఫరా తగ్గినట్టు, పగడానికి గూడు కట్టుకునే సరుకు తగ్గుతుంది.

దీన్ని ఆటగా ఆడించవచ్చు. చింతపిక్కలను కాల్షియం అనుకోండి, బొబ్బర్లను కార్బొనేట్ అనుకోండి, కందిగింజలను హైడ్రోజన్ అనుకోండి. ఒక చింతపిక్క, ఒక బొబ్బర గింజ కలిస్తేనే గోడలో ఒక ఇటుక పేర్చాలి. మొదటి ఆవృత్తిలో కందిగింజలు రెండే వేయండి, తర్వాత పెంచుతూ పొండి. కందిగింజ చేతిలో ఉన్న పిల్లవాడు ఒక బొబ్బర గింజను పట్టుకుపోతాడు, ఇక అది గోడకు పనికిరాదు. గోడ కూలిపోదు, కట్టడం మందగిస్తుంది. మీ ముందు బల్ల అబ్బాయికి ఇదే జవాబు.

ప్రయోగశాలలో ఆమ్లతను బట్టి రంగు మారే బ్రోమోథైమాల్ బ్లూ ఉంటే, కొద్దిగా కలిపిన నీలిరంగు నీటిలోకి గొట్టంతో ఊదమనండి. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల నీలం ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు మారుతుంది. ఊదడమే తప్ప పీల్చకూడదని గట్టిగా చెప్పి, దగ్గరుండి చేయించండి.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి, నిజాంపేట

మాస్టారు గారు ఆమ్లత గురించి వివరంగా చెప్పారు. నా అభిప్రాయంలో పిల్లలకు ముందు చెప్పవలసింది వేడి గురించి, ఎందుకంటే ఇప్పుడు పగడాలను అన్నిటికన్నా వేగంగా దెబ్బతీస్తున్నది అదే. పైగా దానికి మన ఊరితో దగ్గరి సంబంధం ఉంది. మా ఇంటికి దగ్గరలోనే, ప్రగతినగర్‌లో, 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఉంది. అండమాన్, నికోబార్, లక్షద్వీప్, కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖలలో పగడాలు తెల్లబారే ప్రమాదం ఉందా లేదా అన్న హెచ్చరికలు ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉష్ణోగ్రతల ఆధారంగా అక్కడి నుంచే వెలువడతాయి. సముద్రం లేని ఊళ్లో కూర్చొని సముద్రాన్ని కనిపెట్టుకుని ఉంటారని చెప్పినప్పుడు మా అపార్ట్‌మెంటు పిల్లల ముఖాలు వెలిగిపోవడం నేను చూశాను.

సెలవు రోజుల్లో మేము ఆడించే ఆట ఇది. పది మంది పిల్లలు పగడాలు, ముప్పై మంది శైవలాలు, అంటే నాచు జాతి జీవులు. నిజమైన పగడంలోని ఒక్కో చిన్న ప్రాణి, అంటే పాలిప్, ఒంటి కణజాలం పారదర్శకంగా ఉంటుంది; దానికి రంగు వచ్చేది ముఖ్యంగా లోపల కాపురముండే జూక్సాంతెల్లే అనే సూక్ష్మ శైవలం వల్లనే. తన ఆహారంలో 90 శాతం వరకు పగడం ఆ శైవలం నుంచే పొందగలదు. అందుకని ఒక్కో పగడానికి ఆవృత్తికి పది పల్లీలు కావాలని నియమం పెట్టాం. తొమ్మిది పల్లీలు శైవలాలు ఇస్తాయి, ఒకటి తానే చెయ్యి చాచి అందుకోవాలి. ప్రతి పగడం దగ్గర ముందుగా ఇరవై పల్లీల నిల్వ ఉంటుంది. వేడి పెరిగిందని ప్రకటించగానే పగడాలే తమ శైవలాలను బయటికి పంపేయాలి. వేడికి తట్టుకోలేని శైవలం హానికరమైన ఆక్సిజన్ పదార్థాలను తయారు చేస్తుంది కనుక నిజంగానూ పగడమే దాన్ని వెళ్లగొడుతుంది. అప్పటి నుంచి నిల్వలోంచి తొమ్మిదేసి పోతాయి. రెండు ఆవృత్తులు నిలబడవచ్చు, మూడోదానిలో పగడం చనిపోతుంది. ఈలోగా చల్లబడితే శైవలాలు తిరిగి వస్తాయి. తెల్లబారిన పగడం ఇంకా బతికే ఉంటుందన్న సంగతి ఈ ఆటలో పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది. నిల్వ తరుగుతుంటే, త్వరగా చల్లబడమని మా చిన్నవాడు కేకలు పెట్టాడు.

ఏడో తరగతి వారికి లెక్క కూడా ఇవ్వవచ్చు. ఒక ప్రాంతంలో ఏడాదిలో అత్యంత వేడిగా ఉండే నెల సగటును హద్దుగా తీసుకుంటారు. దానికన్నా కనీసం ఒక డిగ్రీ ఎక్కువగా ఉన్న వారాలను మాత్రమే లెక్కలోకి తీసుకుని, 12 వారాల అదనపు డిగ్రీలను కూడతారు. మొత్తం 4కు చేరితే తెల్లబారడం, 8కి చేరితే చాలా పగడాలు చనిపోవడం జరగవచ్చు. హద్దు 29.5 డిగ్రీలు అనుకుని, వారం వారం 30.0, 30.5, 31.0, 31.2 అని అంకెలు ఇచ్చి గ్రాఫు కాగితం మీద గీయించండి. మొదటి వారం లెక్కలోకి రాదు. మిగతా మూడూ కలిస్తే 4.2 అవుతుంది. ఆ తర్వాత 1998, 2010, 2016 సంవత్సరాలలో లక్షద్వీప్‌లో పగడాలు తెల్లబారాయని, 2024లో మళ్లీ అదే జరిగిందని చెబితే, ఆ సంవత్సరాలు వారికి ఉత్త అంకెలుగా ఉండవు.

జవాబు: తూత్తుకుడిలో కొంతకాలం పనిచేసి వచ్చినవారు, మల్కాజిగిరి

మేడమ్ గారూ, ముందుగా ఒక జాగ్రత్త. తరగతిలో చూపించడానికని అక్వేరియం దుకాణాల్లోగానీ, యాత్రలకు వెళ్లినవారి దగ్గరగానీ పగడపు ముక్కలు సేకరించకండి. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. చచ్చిన ముక్క అయినా తేకూడదు. మన ఉంగరాల్లోని ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చే వేరే జాతి, అది దిబ్బలు కట్టదు. మీ విద్యార్థిని అమ్మమ్మ గారి ఉంగరం గురించి నిశ్చింతగా మాట్లాడవచ్చు.

దిబ్బల మీద పరిశోధకులు నిజంగా చేసే పనిని పిల్లల చేత చేయించడం నాకు ఇష్టం. ఒక పాత చీర మీద పగడాలు, ఇసుక, రాళ్లు, నాచు బొమ్మలు వేయించి వరండాలో పరచండి. దాని పొడవునా తాడు వేసి, పావు మీటరుకు ఒక ముడి చొప్పున ఇరవై ముళ్లు వేయండి. ప్రతి ముడి కింద ఏముందో ఒకరు చెబితే ఇంకొకరు రాసుకోవాలి. పగడం తగిలిన ముళ్ల సంఖ్యను అయిదుతో గుణిస్తే ఆ చీర మీద ఎంత శాతం పగడం ఉందో వస్తుంది. తర్వాత పగడాలు తెల్లబారినట్టు కొన్ని బొమ్మల మీద తెల్లగుడ్డ ముక్కలు కప్పి, మళ్లీ కొలిపించండి. రెండు బృందాలకు రెండు అంకెలు వస్తాయి. ఎందుకలా వచ్చాయో వారినే వాదించుకోనివ్వండి, తొందరపడి సర్దిచెప్పకండి. మన్నార్ సింధుశాఖలో రామేశ్వరం, తూత్తుకుడిల మధ్య ఉన్న 21 దీవులను 1986లో జాతీయ సముద్ర ఉద్యానవనంగా ప్రకటించారు. అక్కడ నీటి అడుగున ఇలాగే టేపు పరచి కొలుస్తారు. ఒకప్పుడు ఆ తీరంలో పగడాలను సున్నం కోసం తవ్వి తీసేవారని కూడా చెప్పండి. గుడ్డు పెంకు ప్రయోగం చేసిన పిల్లలకు ఎందుకు తవ్వారో ఇట్టే అర్థమవుతుంది.

ఇంకొక మాట. మట్టితో గంటలో దిబ్బ నమూనా చేయిస్తే, దిబ్బ గంటలో లేస్తుందన్న భావన కలుగుతుంది. గుండ్రని బండలా పెరిగే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. కొమ్మల్లా పెరిగేవి మాత్రం అంతకు ఎన్నో రెట్లు వేగంగా సాగుతాయి. ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున ఎర్ర దారం తీసుకుని, పిల్లవాడు పుట్టిన ఏడు దగ్గర ఒక ముడి, 1947 దగ్గర ఒక ముడి, చార్మినార్ కట్టిన 1591 దగ్గర ఒక ముడి వేయించి గోడకు వేలాడదీయండి. చార్మినార్‌తో పాటు మొదలైన పగడపు బండ ఈనాటికి నాలుగు మీటర్లు దాటుతుంది.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని మళ్లీ రాసినది

మాస్టారు గారికి, మిగతా ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ వారం గుడ్డు పెంకులు, గింజల ఆట, దారం చేయించాము. దారం పై కొస కట్టడానికి మా తరగతి గోడ ఎత్తు చాలక, మెట్ల దగ్గర మొదటి అంతస్తు పిట్టగోడ నుంచి వేలాడదీశాము. అబ్బాయిలు తమ ముడికీ చార్మినార్ ముడికీ మధ్య దూరాన్ని రోజూ చూసి వెళుతున్నారు. గింజల ఆటలో మొదటిసారి ఒక పొరపాటు జరిగింది. కందిగింజలు ఒక్కసారిగా ఎక్కువ వేయడంతో గోడలు అసలు లేవలేదు, పిల్లలు దిబ్బలన్నీ పోయాయని దిగులుపడ్డారు. రెండోసారి కొద్దికొద్దిగా పెంచుతూ ఆడించాక, కట్టడం నెమ్మదించడాన్ని వారే గమనించి చెప్పారు.

ముందు బల్ల అబ్బాయి ఇప్పుడు కొత్త ప్రశ్న అడిగాడు: మన గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే తీరంలో దిబ్బలు ఎందుకు లేవు? నదులు తెచ్చే ఒండ్రుమట్టి వెలుతురును అడ్డుకుంటుందని, మంచినీరు కలిసి ఉప్పదనం తగ్గుతుందని నాకు తెలుసు. కానీ నోటితో చెప్పకుండా చేసి చూపాలని, గాజు సీసా అడుగున రూపాయి బిళ్ల పెట్టి, నీటిలో బురద ఒక్కో చెంచా కలుపుతూ బిళ్ల ఎన్నో చెంచాకు మాయమవుతుందో లెక్కించే పని ఆలోచించాను. ఎర్రమట్టి, నల్లరేగడి రెండూ తెప్పిస్తున్నాను. గురువారం ఆరో తరగతితో మొదలుపెడతాము, సీసాలు పిల్లలే ఇళ్ల నుంచి తెస్తామన్నారు.