పాత రాక్ మల్టీట్రాక్ టేపులతో రీమిక్స్ ఆల్బమ్: టెంపో, బ్లీడ్, కీ ఎలా సర్దాలి?

రీల్‌బాక్స్ (ప్రశ్న)

ఒక సీనియర్ రాక్ గిటారిస్టు 1970ల చివర్లో చేసిన పాటల్ని ఒక డీజేతో కలిసి రీమిక్స్ ఆల్బమ్‌గా తెస్తున్నారు. 2005లో పాల్ మెక్‌కార్ట్నీ పాత రికార్డింగులతో ఫ్రీలాన్స్ హెల్‌రైజర్ అనే డీజే చేసిన ‘ట్విన్ ఫ్రీక్స్’ తరహా, అంటే ఒక పాట డ్రమ్స్ మీద ఇంకో పాట గొంతు.

చేతిలో ఉన్నవి 2 అంగుళాల 24 ట్రాక్ టేపులు (మల్టీట్రాక్, అంటే ఒక్కో వాయిద్యం, గొంతు విడి ట్రాకులో). డ్రమ్స్ అన్నీ క్లిక్ (మెట్రోనోమ్ టిక్కు) లేకుండా వాయించినవే. ముఖ్యమైన పాట 116 బీపీఎం (నిమిషానికి బీట్లు) దగ్గర మొదలై చివరి కోరస్‌కి 121 దాకా పాకుతుంది. డీజే 125 అడుగుతున్నారు. రెండు పాటలకి టేపులు దొరకలేదు, స్టీరియో మాస్టర్ ఒక్కటే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవి చెడగొట్టుకునే అవకాశం ఎక్కువ?

ఆక్సైడ్

టెంపో తర్వాత, ముందు టేపు సంగతి చూడండి. ఆ కాలపు ఆంపెక్స్ 456 లాంటి టేపుల్లో బైండర్ (ధ్వనిని మోసే ఆక్సైడ్ పొడిని టేపుకి అంటించే జిగురు పొర) గాలిలో తేమని పీల్చుకుని బంకబంకగా అవుతుంది. ‘ఎలా ఉందో ఒక్కసారి వినిపిద్దాం’ అని మెషీన్ మీద పెట్టారో, కీచుమంటూ ఆక్సైడ్ ఊడి హెడ్ల మీద గోధుమరంగు మడ్డిగా పేరుకుంటుంది. ఆ ఊడినదాంట్లోనే పాట ఉంది, మళ్లీ రాదు. అలాంటి టేపుని 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా వేడి చేయాలి. 2 అంగుళాల రీలుకి కనీసం 8 గంటలు, తరచూ అంతకంటే ఎక్కువే పడుతుంది. తర్వాత దాదాపు అంతసేపూ మెల్లగా చల్లారనివ్వాలి. వంటింటి ఓవెన్ వద్దు, దాని థర్మోస్టాట్ ఊగిసలాడుతుంది. ల్యాబ్ ఇంక్యుబేటర్ అయితే నిక్షేపం. ఇంకాస్త పాత రీళ్లు కూడా కలిసి ఉంటే రీలుని వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. కాంతి లోపలికి పారితే అది అసిటేట్, దాన్ని వేడి చేయకూడదు.

ఇలా వేడి చేసిన (బేకింగ్) ప్రభావం కొన్ని వారాలే. మూలన పెట్టకుండా వెంటనే కంప్యూటర్‌లోకి ట్రాన్స్‌ఫర్ చేసెయ్యండి.

డబ్బా మీద డాల్బీ ఏ అనో డీబీఎక్స్ అనో (టేపు రొద తగ్గించే పద్ధతులు) రాసి ఉందేమో చదవండి. డీకోడర్ లేకుండా ఎక్కిస్తే ట్రెబుల్ గీరుకుపోయినట్టుంటుంది, తర్వాత ఈక్యూతో దిద్దలేం. టేపు మొదట్లో 1 కిలోహెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్, 100 హెర్ట్జ్ టోన్లు ఉంటే వాటితోనే హెడ్ల అజిమత్ (టేపుకి హెడ్ నిలిచే కోణం), ప్లేబ్యాక్ ఈక్యూ సరిచేసుకోవాలి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ చాలు. 24 ట్రాకులూ ఒకే దఫాలో లాగాలి, ఇది మాత్రం ఖాయం చేసుకోండి. ఇంటర్‌ఫేస్‌లో 16 ఇన్‌పుట్లే ఉన్నాయని రెండు దఫాలుగా తీస్తే, మెషీన్ వేగం ప్రతిసారీ అణువంత మారుతుంది. స్నేర్ ఒక దఫాలో, ఓవర్‌హెడ్లు (డ్రమ్స్ పైన వేలాడే మైకులు) ఇంకో దఫాలో పడితే పాట పొడుగునా ఫేజ్, అంటే వాటి తరంగాల పొత్తు, ఊగిసలాడుతుంది. 24వ ట్రాకులో టైమ్‌కోడ్ (మెషీన్లని జత కలిపే సమయ సంకేతం) ఉంటే దాన్నీ ఎక్కించండి. రెండో రీలు జత ఉండి ఉంటే దాన్ని కలపడానికి అదే ఆధారం.

నాలుగు_బార్లు

116–121కి మందు స్ట్రెచ్ (శ్రుతి మార్చకుండా వేగం మార్చడం) కాదు, వేరీస్పీడ్ (వేగంతోపాటు శ్రుతీ మారనివ్వడం). సగటు 118 అనుకోండి. 1.0595తో గుణిస్తే 125. అంటే సరిగ్గా ఒక సెమీటోన్ (పక్క స్వరస్థానం) పైకి, ఏ మేజర్ పాట బీ ఫ్లాట్ అవుతుంది. టేపుని వేగంగా తిప్పినట్టే కాబట్టి స్ట్రెచింగ్ తెచ్చే, నీళ్లలోంచి వచ్చినట్టుండే ధ్వని ఉండదు. ఇప్పుడు పాట 123–128 మధ్య ఉంటుంది. మిగిలిన తేడా రెండున్నర శాతం దాటదు, దాన్ని వార్ప్ (సాఫ్ట్‌వేర్‌లో ఆడియోని బీట్లకి సాగదీసి సర్దడం) నిశ్చింతగా మోస్తుంది. గొంతు కాస్త కుర్రగా వినిపిస్తుంది, ఒక సెమీటోన్ దాకా ఎవరూ పట్టించుకోరు. రెండు దాటితే పీలగా తేలిపోతుంది.

వార్ప్ మార్కర్లు ప్రతి రెండు, నాలుగు బార్ల తొలి దెబ్బ మీద మాత్రమే పెట్టండి. ప్రతి స్నేర్ మీదా పెట్టేవాళ్లు ఆల్బమ్‌ని చంపేస్తారు. ఆ డ్రమ్మర్ స్నేర్ 10, 15 మిల్లీసెకన్లు వెనక్కి పడుతోందంటే పాట కూర్చున్నట్టు వినిపించేది దానివల్లే. గ్రిడ్‌కి (సాఫ్ట్‌వేర్ సమాన బీట్ గీతలకి) లాగేస్తే రాక్ పాట పోయి శాంపిల్ ప్యాక్ మిగులుతుంది. కొత్త హై-హ్యాట్స్ వేసేటప్పుడు పాత డ్రమ్స్ నుంచి గ్రూవ్ (దెబ్బల ముందువెనకల తీరు) తీసి వాటికి అంటించండి, అంతేగానీ పాతదాన్ని కొత్తదానికి లొంగదీయొద్దు. డ్రమ్ మైకులన్నిటికీ ఒకే మార్కర్లు ఉండాలి. ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 11వ వెర్షన్ నుంచి ట్రాకుల్ని లింక్ చేసుకోవచ్చు. విడివిడిగా వార్ప్ చేస్తే ఓవర్‌హెడ్‌కీ స్నేర్‌కీ చెడుతుంది.

లూప్ తీసుకునేది రెండో చరణంలోనుంచి. అప్పటికి డ్రమ్మర్ కుదురుకుని ఉంటాడు. క్రాష్ లేని నాలుగు బార్లు వెతకండి. చివరి సింబల్ తోక ఐదో బార్‌లోకి పారుతుంది కదా, ఆ తోకని కోసి లూప్ మొదటి బార్ మీద పేర్చండి. లేకపోతే ప్రతి నాలుగు బార్లకీ గాలి లాగేసినట్టు ఒక గుంట వినిపిస్తుంది.

సింథ్‌లు 440 హెర్ట్జ్ (మామూలు శ్రుతి) దగ్గరే ఉంచి వాయించొద్దు. ఆ రోజుల్లో మెషీన్లే అటూఇటూగా తిరిగేవి, 20, 30 సెంట్ల (సెంట్ అంటే సెమీటోన్‌లో నూరోవంతు) తేడా మామూలే. బేస్‌లో పొడుగ్గా నిలిచిన స్వరం మీద ట్యూనర్ పెట్టి తేడా చూసుకోండి. గిటార్ మీద చూడొద్దు, తీగ వంచుతారు. ఎంత తేడా ఉంటే అంత సింథ్ మాస్టర్ ట్యూన్‌లో మార్చండి.

92 బీపీఎం పాట ఉంటే 125కి తోయాలని చూడకండి. 87కి దించితే డ్రమ్ అండ్ బేస్ 174కి సరిగ్గా సగం, తేడా అయిదున్నర శాతమే.

బ్లీడ్‌కింగ్

పైవాళ్లు చెప్పంది బ్లీడ్, అంటే ఒకరి మైకులోకి పక్క వాయిద్యాలు కారడం. గొంతు బ్యాండుతోపాటు ఒకే గదిలో రికార్డయి ఉంటే ఆ మైకులో హై-హ్యాట్, గిటార్ దెయ్యంలా కూర్చుని ఉంటాయి. ఆ గొంతుని ఇంకో పాట మీద పెడితే కొత్త కార్డు (కలిపి మోగే స్వరాల గుంపు, chord) వెనకాల పాత కార్డు గుసగుసలాడుతుంది, ఎవరో శ్రుతి తప్పినట్టుంటుంది. గేట్ (పాడనప్పుడు మైకు ధ్వని తగ్గించే సాధనం) పూర్తిగా మూసెయ్యకండి, ప్రతి పదం ముందూ గది తెరుచుకున్నట్టుంటుంది. 12–15 డెసిబెల్స్ తగ్గేలా పెట్టండి చాలు. ఆ గొంతు కింద కార్డులు మోగించే వాయిద్యాలు తీసేసి డ్రమ్స్, బేస్ మాత్రమే ఉంచితే సగం గొడవ తీరుతుంది. ‘రెండు పాటల కీ కుదరట్లేదు’ అనేదానికీ అదే విరుగుడు.

టేపులు లేని రెండు పాటలకి డెముక్స్ (స్టీరియో మిక్స్‌లోంచి గొంతునీ వాయిద్యాల్నీ విడదీసే సాఫ్ట్‌వేర్) వాడండి. టేపు ఉన్నవాటికి మాత్రం ‘ఈజీగా ఉంది’ అని వాడకండి. సింబల్స్ మెలికలు తిరుగుతాయి, ‘స’, ‘శ’ అక్షరాల చివర్లు తెగుతాయి. ఒంటిగా వింటే భయమేస్తుంది గానీ కొత్త హ్యాట్స్, రివర్బ్ కింద చాలావరకు దాగుతుంది. అందుకే అలాంటి గొంతుని బ్రేక్‌డౌన్‌లో (వాయిద్యాలు తగ్గే చోట) ఒంటరిగా వదలొద్దు.

పాత కిక్ మీద కొత్త కిక్ వేస్తే పాతదాన్ని 90 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ చేయండి (దాని కింది ధ్వని తీసెయ్యండి). తర్వాత పోలారిటీ (తరంగాన్ని తలకిందులు చేసే స్విచ్) తిప్పి చూసి, కొత్తదాన్ని మిల్లీసెకను చొప్పున జరుపుతూ అడుగు ఎక్కడ బరువుగా ఉందో అక్కడ ఆపండి.

రీల్‌బాక్స్

వేరీస్పీడ్ లెక్క బాగా పనికొచ్చింది, థాంక్సండీ. వినైల్ కూడా వేస్తున్నారు. క్లబ్బు వెర్షన్లు 7 నిమిషాలు దాటుతున్నాయి. అనుమతులకి ఆర్టిస్టు ‘సరే’ సరిపోతుందా?

ఆక్సైడ్

33⅓లో సైడుకి 18 నిమిషాలు దాటితే లెవెల్ తగ్గించి కట్ చేయాల్సొస్తుంది. 45లో అయితే 12 నిమిషాల లోపు ఉంచండి. 7 నిమిషాలవి ఎనిమిది ఉంటే డబుల్ ఎల్పీకి 33⅓లో సైడుకి రెండు చొప్పున సరిపోతాయి. 120 హెర్ట్జ్ కింద అంతా మోనో చేయండి, సింథ్ బేస్‌ని అటూఇటూ పరిస్తే సూది ఎగిరిపోతుంది. సైడు చివర లోపలి గాడుల్లో ‘స’ శబ్దం చిరుగుతుంది కాబట్టి గొంతు ఎక్కువున్న పాట బయటివైపు, డబ్ లాంటిది లోపలివైపు. డీజేలు కలపడానికి మొదట్లో 16 బార్లు డ్రమ్స్ ఒంటిగా వదలండి, 125లో అది 31 సెకన్లలోపే.

అనుమతి సంగతికొస్తే, ఆర్టిస్టు సరే అంటే సరిపోదు. మాస్టర్ లేబుల్ చేతిలో ఉంటే వాళ్ల సంతకం కావాలి. రెండు పాటలు కలిపితే ఇద్దరు రచయితల వాటా శాతాలు ముందే కాగితం మీద పెట్టుకోవాలి. పాత బ్యాండు సభ్యుడు ఒక్కడు రచనలో ఉన్నా అతనూ ఒప్పుకోవాలి. డీజేకి ఏకమొత్తమా, రాయల్టీయా అన్నది కూడా స్టెమ్స్ (విడి ట్రాకుల ఫైళ్లు) పంపకముందే తేల్చుకోండి.